సొంత సాఫ్ట్‌వేర్ వల్ల లాభం ఎక్కడ వస్తుంది, ఎక్కడ రాదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: యంత్రాలు అద్దెకిచ్చే వ్యాపారం, నలభై మంది సిబ్బంది. లెక్కలకు ఒక రెడీమేడ్ ప్యాకేజీ ఉంది. ఏ యంత్రం ఎవరి దగ్గరుంది, ఎప్పుడు తిరిగొస్తుంది, ఏది రిపేరులో ఉంది అన్నవి మాత్రం ఎక్సెల్ షీట్లలో, వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్నాయి. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చి "మొత్తం మీ కోసమే కొత్తగా చేసిస్తాం, అన్నీ ఒకే చోట ఉంటాయి" అంటోంది. దానివల్ల నిజంగా లాభం ఉంటుందా, ఉన్న ప్యాకేజీని తీసేయాలా అని మీ సందేహం.

వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ చేసివ్వడమే ఇరవై ఏళ్లుగా నా పని. చాలామందికి చేసిచ్చాను, కొందరికి "మీకిది అక్కర్లేదు" అని చెప్పి వచ్చేశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ వ్యాపారం మిగతావాళ్లలా కాకుండా తనదైన పద్ధతిలో చేసే పని ఏదో ఒకటి ఉంటుంది. దానికి మాత్రం సాఫ్ట్‌వేర్ చేయించుకోండి. మిగతాది కొనుక్కోండి. ఆ కంపెనీ వాళ్లు చెప్పిన దాంట్లో నాకు అనుమానం వచ్చింది "మొత్తం" అన్న మాట దగ్గరే.

కొన్నేళ్ల కిందట మీలాంటి వ్యాపారానికే పనిచేశాను. ఎక్కడికి వెళ్లినా మొదటిరోజు నేను చేసేది ఒక్కటే, ఆర్డర్లు తీసుకునేవాళ్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం. అక్కడ ఒకావిడ ఆ పని చూసేవారు. ఆవిడ షీట్‌లో కొన్ని వరుసలకు పసుపు రంగు, కొన్నిటికి లేత ఎరుపు, ఒకటి రెండింటికి బూడిద రంగు వేసి ఉన్నాయి. ఏమిటని అడిగాను. పసుపు అంటే డిపాజిట్ రాలేదు, కానీ పాత కస్టమర్ కాబట్టి పంపొచ్చు. ఎరుపు అంటే పోయినసారి యంత్రాన్ని దెబ్బతీసి ఇచ్చారు, ఫోటోలు తీశాకే పంపాలి. బూడిద అంటే ఓనర్‌ని అడగాలి. ఇదంతా ఎక్కడైనా రాసుందా అంటే నవ్వి, "నాకు తెలుసు కదండీ" అన్నారు.

ఆవిడ రెండు వారాలు సెలవులో ఉన్నప్పుడు ఎరుపు వరుసలో ఉన్న కస్టమర్‌కే ఫోటోలు తీయకుండా ఒక జనరేటర్ వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి కంట్రోల్ ప్యానెల్ పగిలి ఉంది. పంపేటప్పుడే అలా ఉందని వాళ్లు, లేదని వీళ్లు. తేల్చడానికి ఆధారం లేదు.

అదే రోజు ఇంకోటి కూడా లెక్కపెట్టాను. ఆర్డరు ఫోన్‌లో వచ్చిన దగ్గర్నుంచి ఇన్‌వాయిస్ బయటికెళ్లేదాకా కస్టమర్ పేరు, యంత్రం నంబరు ఎన్నిసార్లు రాస్తున్నారా అని. షీట్‌లో ఒకసారి, డ్రైవర్‌కి వాట్సాప్‌లో, గేట్ పాస్ మీద, సర్వీస్ వాళ్ల రిజిస్టరులో, తిరిగొచ్చాక మళ్లీ షీట్‌లో, బిల్లు వేయమని అకౌంట్స్‌కి మెయిల్‌లో, చివరికి ప్యాకేజీలో. మొత్తం ఏడుసార్లు. ఎక్కడో ఒకచోట నంబరులో రెండంకెలు తారుమారైతే తిరిగొచ్చిన యంత్రం ఇంకా బయటే ఉన్నట్టు, బయటున్నది షెడ్డులో ఉన్నట్టు కనబడుతుంది.

సొంతంగా చేయించుకున్న సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందని అడిగితే నేను ఈ రెండే చూపిస్తాను. ఒక మనిషి తలలో ఉన్న రంగులు అందరికీ వర్తించే నియమాలవుతాయి. ఎరుపు కస్టమర్ అయితే ఫోటోలు ఎక్కించేదాకా గేట్ పాస్ రాదు, అంతే. రెండోది, ఒకసారి ఎక్కించిన సంగతి మళ్లీ ఎవరూ టైప్ చేయనక్కర్లేదు. డాష్‌బోర్డులూ గ్రాఫులూ వీటి తర్వాత.

ఇక్కడ వెండర్లు, అంటే సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు, చెప్పే లెక్క ఒకటుంది, దాన్ని జాగ్రత్తగా వినండి. రోజుకు 60 ఆర్డర్లు, ఒక్కోదానికి అదనంగా ఆరుసార్లు టైపింగ్, ఒక్కోసారి ఒక నిమిషం. అంటే 360 నిమిషాలు, రోజుకు ఆరు గంటలు మిగులుతుంది, దాన్ని జీతంతో గుణిస్తే పెట్టుబడి ఇన్ని నెలల్లో తిరిగొచ్చేస్తుంది. కాగితం మీద తప్పేం లేదు. కానీ ఆ ఆరు గంటలూ ఐదారుగురి మధ్య పది నిమిషాల ముక్కలుగా చెదిరి ఉంటాయి. ఎవరి జీతమూ తగ్గదు, ఎవరినీ తీసేయరు, తీసేయాలని మీకూ ఉండదు. కాస్త టెన్షన్ తగ్గుతుంది, అది మంచిదే. కానీ బ్యాంకు ఖాతాలో కనబడదు. కేవలం ఈ లెక్క చూసి సంతకం పెట్టకండి.

డబ్బు కనబడేది వేరేచోట. నేను చెప్పిన ఆ వ్యాపారంలో యంత్రం తిరిగొచ్చాక ఇన్‌వాయిస్ వెళ్లడానికి సగటున తొమ్మిది రోజులు పట్టేది. ఎందుకంటే ఎప్పుడు తిరిగొచ్చిందో గేటు దగ్గరి పుస్తకంలో ఉంటుంది, అకౌంట్స్‌కి తెలిసేది వారం చివర్లో. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక గేటు దగ్గర "తిరిగొచ్చింది" అని నొక్కగానే డ్రాఫ్ట్ ఇన్‌వాయిస్ తయారై కూర్చునేది. ఆ రోజో మరుసటి రోజో బయటికి వెళ్లిపోయేది. వారం ముందు బిల్లు వెళ్తే వారం ముందు డబ్బు వస్తుంది, ఆ మేరకు అప్పు తగ్గుతుంది. ఇంకా విచిత్రం, కస్టమర్లు చెప్పినదానికంటే రెండు మూడు రోజులు ఎక్కువ ఉంచుకున్నప్పుడు ఆ అదనపు రోజులు చాలాసార్లు బిల్లులోకి ఎక్కేవే కావు. మోసం కాదు, ఎవరి కంటా పడకపోవడం. మొదటి మూడు నెలల్లో ఇలా దొరికిన రోజులు చూసి ఓనర్ కాసేపు మాట్లాడలేదు.

ఇంకో లాభం ఆలస్యంగా వస్తుంది, కానీ నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది. ప్రతి యంత్రం ఏడాదిలో ఎన్ని రోజులు అద్దెలో ఉంది, ఎన్ని రోజులు ఊరికే పడుంది, ఎన్ని రోజులు స్పేర్ పార్టు కోసం ఎదురుచూసింది. ఈ మూడు సంఖ్యలు చేతిలో ఉంటే తర్వాత ఏ యంత్రం కొనాలి, ఏది అమ్మేయాలి అన్నది ఊహ మీద ఆధారపడదు. అక్కడ ఒక రకం కంప్రెసర్లు చాలడం లేదని కొత్తది ఆర్డరు పెట్టారు. తీరా చూస్తే అదే రకం రెండు, చిన్న వాల్వ్ రాలేదని షెడ్డు వెనక నెలల తరబడి ఉన్నాయి.

ఈ సంగతులేవీ కొత్తవి కావు. బ్రిటన్‌లో జె. లయన్స్ అనే కంపెనీ ఉండేది. టీ దుకాణాలు, బేకరీలు నడిపేవాళ్లు. వాళ్లు తమ ఆఫీసు పనికోసం ఏకంగా కంప్యూటర్‌నే సొంతంగా తయారు చేయించుకున్నారు, దాని పేరు లియో. 1951 నవంబరులో అది బేకరీ ఉత్పత్తుల విలువ లెక్కగట్టే పని మొదలుపెట్టింది. కంప్యూటర్ మీద రోజువారీగా నడిచిన మొదటి వ్యాపార పని అదేనని చెబుతారు. నాకు నచ్చేది ఆ యంత్రం కాదు, దాని వెనకున్న పద్ధతి. కంప్యూటర్ రాకముందు చాలా ఏళ్లుగా ఆ కంపెనీలో గుమాస్తాల పని ఎలా నడుస్తోందో పరిశీలించడానికే ఒక విభాగం ఉండేది. తర్వాత దుకాణాల ఆర్డర్లను లియోకి ఎక్కించినప్పుడు ప్రతి దుకాణానికీ ఒక స్థిరమైన ఆర్డర్ పెట్టేశారు. మేనేజరు రోజూ మార్పులు మాత్రమే ఫోన్‌లో చెబితే సరిపోయేది. మారినది మాత్రమే ఎక్కించు, మిగతాది యంత్రానికి తెలుసు. ఇవాళ్టికీ స్క్రీన్ డిజైన్ చేసేటప్పుడు నేను మొదట చూసేది అదే.

ఇక ఏవి చేయించుకోకూడదు. అకౌంటింగ్, జీతాలు, పన్ను రిటర్నులు, ఈమెయిల్, కార్డు చెల్లింపులు. ఇవి ప్రతి వ్యాపారంలోనూ దాదాపు ఒకటే. పన్ను నియమాలు మారినప్పుడల్లా ప్యాకేజీ అమ్మేవాడు ఒకసారి మార్చి వేలమందికి పంచుతాడు. మీరు సొంతంగా రాయించుకుంటే ఆ మార్పు ఖర్చంతా మీ ఒక్కరి మీదే. పాస్‌వర్డ్ భద్రత, కార్డు నంబర్లు దాచడం లాంటివి సొంతంగా రాస్తామని ఎవరైనా అంటే వాళ్లకి అనుభవం తక్కువని అర్థం.

మరి ప్యాకేజీనే మనకు తగ్గట్టు మార్పించుకుంటే? చిన్న చిన్న సెట్టింగులు, ఒకటి రెండు ఫారాలు అయితే తప్పకుండా అలాగే చేయండి. కానీ ప్యాకేజీ మూలసూత్రాన్నే వంచాల్సివస్తే అది అన్నిటికన్నా ఖరీదైన దారి. లిడ్ల్ అనే జర్మన్ సూపర్ మార్కెట్ల సంస్థ శాప్ అనే కంపెనీ రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మీద 2011లో మొదలుపెట్టిన ప్రాజెక్టును 2018లో ఆపేసింది. దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయిందని అప్పట్లో పత్రికలు రాశాయి. కారణాల్లో ఒకటి వింటే ఎంత చిన్న విషయమా అనిపిస్తుంది. లిడ్ల్ తన సరుకు విలువను కొన్న ధర మీద లెక్కగడుతుంది, ఆ ప్యాకేజీ మాత్రం అమ్మే ధర మీద లెక్కగట్టేలా తయారైంది. పద్ధతి మార్చుకోవడానికి సంస్థ ఒప్పుకోలేదు, దాంతో సాఫ్ట్‌వేర్‌ని మార్చుకుంటూ పోయారు. ప్యాకేజీ కొన్నామంటే దాని పద్ధతికి మనం కొంత తలవంచాలి. వంచలేని చోటు ఏదో ముందే తెలుసుకోవాలి. ఆ చోటే మీరు సొంతంగా చేయించుకోవాల్సిన భాగం.

ఎక్సెల్‌తోనే నెట్టుకొస్తే ఏమవుతుందని కూడా అడగొచ్చు. చాలాకాలం ఏమీ కాదు, అదే దాంతో ఇబ్బంది. ఎక్సెల్ పడిపోయే ముందు చప్పుడు చేయదు. 2020 శరదృతువులో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లో చేరకుండా ఉండిపోయాయి. ల్యాబుల నుంచి వచ్చిన వివరాలను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్ ఫైళ్లలోకి ఎక్కించారు, అందులో ఒక షీట్‌కి 65,536 వరుసలే పడతాయి. ఆపై వచ్చినవి జారిపోయాయి. మీ వ్యాపారంలో అన్ని వరుసలు ఉండవు, నిజమే. కానీ ఎవరో ఒక కాలమ్‌ను మాత్రమే సార్ట్ చేసి సేవ్ కొట్టిన రోజు ఫలితం ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు ఖర్చు సంగతి. చేయించుకోవడానికి అయ్యేది మొదటి వాయిదా మాత్రమే అనుకోండి. సొంత సాఫ్ట్‌వేర్‌ని కుట్టించుకున్న చొక్కాతో పోల్చడం మా వృత్తిలో అందరికీ అలవాటు. నాకు ఆ పోలిక నచ్చదు. కుట్టిన చొక్కాని టైలర్ దగ్గరికి నెలనెలా తీసుకెళ్లం. సాఫ్ట్‌వేర్ అలా కాదు, సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ మారుతుంది, ఫోన్లు మారతాయి, దాంట్లో వాడిన లైబ్రరీల్లో (ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్ భాగాల్లో) లోపాలు బయటపడతాయి. 2021 డిసెంబరులో లాగ్‌4జే అనే జావా లైబ్రరీలో ప్రమాదకరమైన లోపం బయటపడింది. ప్యాకేజీ వాడుతున్నవాళ్లకి ఆ కంపెనీయే అప్‌డేట్ పంపింది. సొంతంగా చేయించుకున్నవాళ్లలో, చేసినవాళ్లతో మెయింటెనెన్స్ ఒప్పందం ఉన్నవాళ్లు ఆ వారాంతం గట్టెక్కారు. లేనివాళ్లు తమ దాంట్లో ఆ లైబ్రరీ ఉందో లేదో చెప్పేవాళ్లని వెతుక్కున్నారు. నాకు రెండు ఫోన్లు వచ్చాయి, ఇద్దరూ అంతకుముందు ఎప్పుడూ మాట్లాడనివాళ్లే.

ప్యాకేజీకి ఒక్కో యూజర్‌కి నెలనెలా కట్టాలి, సొంతదానికి అక్కర్లేదు కదా అంటారు. సిబ్బంది పెరిగేకొద్దీ అది నిజమైన పొదుపే. కాకపోతే ఆ మిగులులో ఒక భాగాన్ని ప్రతి ఏడాదీ మెయింటెనెన్స్‌కి తీసిపెట్టాలి. తీసిపెట్టనివాళ్ల సాఫ్ట్‌వేర్ నాలుగైదేళ్లకి ఎవరూ ముట్టుకోవడానికి భయపడే వస్తువవుతుంది.

ఇప్పుడు ఏఐ టూల్స్‌తో కోడ్ చకచకా వచ్చేస్తోంది కదా, ఇంకా చవగ్గా అయిపోదా అని ఈమధ్య అందరూ అడుగుతున్నారు. నేనూ వాడుతున్నాను. టైపింగ్ పని బాగా తగ్గింది. బూడిద రంగు వరుసకి అర్థం ఏమిటో మాత్రం ఆవిడ పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, మీకు పనికొస్తుంది. ఒక గోడౌన్‌కి యంత్రాల లోపాలు నమోదు చేసే స్క్రీన్ చేసిచ్చాం. లోపాల జాబితా డ్రాప్‌డౌన్‌లో దాదాపు మూడొందలు, అన్నీ మేనేజర్లతో మూడు మీటింగులు పెట్టుకుని తయారుచేసినవే. రెండు నెలల తర్వాత డేటా తీస్తే సగానికి పైగా "ఇతరాలు" అని ఉంది. వెళ్లి చూస్తే షెడ్డులో పనిచేసేవాళ్లు మందపాటి గ్లవ్స్ వేసుకుని ఉన్నారు, చేతులకి గ్రీజు. ఆ గ్లవ్స్‌తో ఫోన్‌లో మూడొందల పేర్లు జరపడం కుదరదు, జాబితాలో పైన ఉన్నది నొక్కేస్తున్నారు. పైన ఉన్నది "ఇతరాలు". జాబితా తీసేసి ఎనిమిది పెద్ద బటన్లు పెట్టాం, వాటి పక్కన వాయిస్ నోట్. తర్వాత డేటా సరిగ్గా రావడం మొదలైంది. మూడు మీటింగుల్లో ఆ షెడ్డు నుంచి ఒక్క మనిషినీ పిలవలేదు, అది నా తప్పే.

అలాగే రిపోర్టులు. అందరూ అడుగుతారు కదాని ఒకచోట 32 చేసిచ్చాం. ఏడాది తర్వాత, ఎవరు ఏది తెరిచారో నమోదయ్యే లాగ్ చూస్తే క్రమం తప్పకుండా తెరుస్తున్నవి ఐదు. రిపోర్ట్ కావాలని ఎవరైనా అంటే "అది చూశాక మీరు ఏ నిర్ణయం మార్చుకుంటారు?" అని అడగండి. సగం అక్కడే రాలిపోతాయి.

ఇంకో సంగతి. మెల్విన్ కాన్వే అనే ప్రోగ్రామర్ 1968లోనే ఒక మాట రాశారు, ఏ సంస్థ తయారుచేసే వ్యవస్థ అయినా ఆ సంస్థలో ఎవరు ఎవరితో మాట్లాడతారో అదే ఆకారంలో ఉంటుందని. మీ సర్వీస్ విభాగానికీ అకౌంట్స్‌కీ మాటల్లేకపోతే సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ రెండు స్క్రీన్లకీ మధ్య ఒక గోడ వచ్చి కూర్చుంటుంది. అందుకే మీ వైపు నుంచి ఒక మనిషి కావాలి, అన్ని విభాగాలకీ తెలిసినవారు, "ఇలాగే చేద్దాం" అని అక్కడికక్కడ తేల్చే అధికారం ఉన్నవారు. ఆ మనిషికి వారంలో కనీసం ఒక పూర్తి రోజు ఈ పనికే ఇవ్వలేనంటే ప్రాజెక్టు మొదలుపెట్టకండి.

ఒప్పందంలో చూసుకోవాల్సినవి. డబ్బు మీరిచ్చారు కాబట్టి సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రామ్) మీదే అనుకోవద్దు. చాలా దేశాల్లో బయటివాళ్లతో రాయించిన కోడ్ మీద కాపీరైట్, రాతపూర్వకంగా మీ పేరున బదిలీ చేయకపోతే, రాసినవాళ్లదే. ఆ వాక్యం ఒప్పందంలో ఉండాలి. కోడ్ ఉండే రిపాజిటరీ, సర్వర్ ఖాతా, డొమైన్ పేరు ఈ మూడూ మీ కంపెనీ ఈమెయిల్‌తో తెరిచి, వాళ్లకి మీరు అనుమతి ఇవ్వాలి. వాళ్ల ఖాతాలో తెరిచి మీకు అనుమతివ్వడం కాదు. చివరి వాయిదా కట్టేముందు వేరే డెవలపర్‌ని ఒక రోజుకి పిలిచి, రిపాజిటరీలో ఉన్న కోడ్, సూచనలు మాత్రమే చూసి కొత్త కంప్యూటర్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌ని నడిపించమనండి. నడవకపోతే మీ చేతిలో ఉన్నది కోడ్ కాదు, ఆ కంపెనీ ఫోన్ నంబరు మాత్రమే. బ్యాకప్ కూడా అంతే, ఒకసారి వెనక్కి తెచ్చి చూడందే బ్యాకప్ ఉన్నట్టు కాదు.

"రేపు దీన్నే ఇతరులకి అమ్ముకోవచ్చు" అని కూడా మీకు చెప్పి ఉంటారు. అలా జరిగిన సందర్భాలు ఉన్నాయి. ఆన్‌లైన్ దుకాణాలు పెట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఇచ్చే షాపిఫై పుట్టింది స్నోబోర్డులు అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణం కోసం రాసుకున్న సాఫ్ట్‌వేర్ నుంచే. కానీ ఆ తర్వాత వాళ్లు చేసింది స్నోబోర్డుల వ్యాపారం కాదు. మీరు యంత్రాలు అద్దెకిస్తూనే ఉండాలనుకుంటే ఆ మాటని ఖర్చు లెక్కలో కలపొద్దు.

మీ విషయానికొస్తే, ఉన్న అకౌంటింగ్ ప్యాకేజీని తీసేయకండి. దానికి ఏపీఐ (వేరే సాఫ్ట్‌వేర్‌తో వివరాలు ఇచ్చిపుచ్చుకునే ద్వారం) ఉందా, కనీసం బయటి నుంచి ఇన్‌వాయిస్‌లు ఇంపోర్ట్ చేసుకునే సౌకర్యం ఉందా అని దాన్ని అమ్మినవాళ్లని అడగండి. ఉంటే కొత్తగా చేయించాల్సింది ఒక్కటే, యంత్రం గేటు దాటిన క్షణం నుంచి తిరిగొచ్చి ఇన్‌వాయిస్ తయారయ్యేదాకా ఉన్న దారి. అద్దె వ్యాపారాలకు రెడీమేడ్‌గా దొరికే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి, ముందు రెండింటిని ట్రయల్‌గా నెల రోజులు వాడి చూడండి. మీ రంగుల్లాంటి నియమాలు వాటిలో పడితే సొంతది అక్కర్లేదు, నేనైతే సంతోషంగా అదే తీసుకోమంటాను. పడకపోతే ఎక్కడ పడలేదో రాసుకున్న ఆ కాగితమే మీరు వెండర్‌కి ఇవ్వాల్సిన స్పెసిఫికేషన్, అంటే ఏం కావాలో చెప్పే పత్రం.

చేయించేటప్పుడు మొదటి భాగాన్ని రెండు మూడు నెలల్లో నిజమైన ఆర్డర్ల మీద వాడేలా చిన్నదిగా పెట్టుకోండి. ఒక్క రకం యంత్రాలకే అయినా ఫర్వాలేదు. పాత షీట్లు ఒక నెల పక్కనే నడవనివ్వండి. తర్వాత వాటిని చదవడానికి మాత్రమే ఉంచి లాక్ చేసేయండి, లేకపోతే జనం వాటిని వదలరు. అంతకంటే ముందు, ఈ వారంలోనే, ఒక నోట్‌బుక్ తీసుకుని మీ ఆర్డర్ డెస్క్ పక్కన ఒక రోజంతా కూర్చోండి. ఎన్నిసార్లు టైప్ చేస్తున్నారో, యంత్రం తిరిగొచ్చాక బిల్లు ఎన్ని రోజులకి వెళ్తోందో, షీట్‌లో ఏ రంగులున్నాయో రాసుకోండి. ఆ సంఖ్యలు ఇక్కడ పెడితే వెండర్ ప్రతిపాదనలో ఏది ఉంచాలో ఏది కొట్టేయాలో వరుసగా చెబుతాను.